వెనకవైపు ఇంగ్లీషు

"ఇంతకీ ఆ పిల్ల ఇంటికెళ్ళిందా అమ్మా?" అని అడిగాడు క్రిస్టీ.

సబీనా తల ఎత్తలేదు. తుప్పు పట్టిన గుండుసూది ఒకటి నాలుగు కాగితాలను పట్టుకుని వదలనంటోంది. ఎముకతో చేసిన పల్చని బద్దను సూది కింద దూర్చి, కాగితం చిరగకుండా కొద్దికొద్దిగా లేపుతోంది. ముప్పై ఏళ్ళుగా చేస్తున్న పని కాబట్టి చేతులు వాటంతటవే చేసుకుపోతాయి. అలసిపోయేది మనిషే.

"ఏ పిల్ల?" అంది.

"ఇదిగో, ఇందులో పిల్ల. వాళ్ళమ్మ మంచాన పడిందంట గదా."

క్రిస్టీ ఫ్రేములు కట్టే మనిషి. డబ్లిన్ లిఫీ నది ఒడ్డున పుట్టి అక్కడే ముసలివాడవుతున్నాడు. ఐరిష్ ముక్క రాదు. బడిలో బెత్తంతో కొట్టి నేర్పారనీ, దెబ్బలు గుర్తున్నాయి గానీ మాటలు గుర్తులేవనీ చెప్తుంటాడు. శుక్రవారం తెరవబోయే ప్రదర్శనకు పద్దెనిమిది కాగితాలకు ఫ్రేములు కట్టాలని మంగళవారం పొద్దున్నే కొలతలు తీసుకోడానికి వచ్చాడు. చెవిమీద పెన్సిలుతో బల్లమీదకి వంగి, అన్నిటిలోకీ ముఖ్యమైన కాగితాన్ని అద్దుడు కాగితం మీద బోర్లా పడుకోబెట్టి ఉంచాడు.

"అది శోకం కాగితం క్రిస్టీ. తిరగేసి పెట్టావు."

"తిరగేస్తేనే గదా నాకు చదవడానికొచ్చేది," అన్నాడు. "అటువైపు మీ భాష. ఇటువైపు మాది."

సబీనా సూదిని అలాగే వదిలేసి లేచింది.

అది లాలర్ గారి కాగితాల్లో 214వది. లాలర్ గారు భూముల శాఖలో గుమాస్తాగా చేరి, ఐరిష్ భాషను బతికించే ఉద్యమంలో పడి, నిఘంటువు కోసం మాటలు పోగేస్తూ నలభై ఏళ్ళు గడిపిన మనిషి. కాగితం ముక్క పారేసేవాడు కాదు. వచ్చిన ఉత్తరాలు, పెళ్ళి పిలుపులు, చాకలి చీటీలు, అన్నిటి వెనకా మాటలే రాసుకున్నాడు. ఒకవైపు వాళ్ళు బతికిన ఇంగ్లీషు బతుకు, రెండోవైపు బతికించాలనుకున్న ఐరిష్. ఆ తరం భాషాభిమానుల కాగితాలు ఏ పెట్టె విప్పినా ఇంతే.

జాబితాలో 214కు ఎదురుగా సబీనా దస్తూరీతోనే ఇలా ఉంది: "శోకం. ఇంటి పనిమనిషి నాప్లా నోట విని రాసుకున్నది. 18 మార్చి 1913. వెనకవైపు ఇంగ్లీషు."

వెనకవైపు ఇంగ్లీషు. ఈ రెండు మాటలూ ఆమె ఎన్ని వేలసార్లు రాసిందో. ఈ సంస్థ ఐరిష్ కాగితాల కోసం పుట్టింది. ఇంగ్లీషు వైపు చదవొద్దని ఎవరూ చెప్పలేదు. ఆమెకు పని నేర్పిన మనిషీ చదవలేదు, ఆమె కూడా చదవలేదు. ఇవాళ చదివింది.

అక్షరాలు బడి పంతులివి, నిలువుగా, జాగ్రత్తగా ఉన్నాయి.

"రిన్‌డువ్ పాఠశాల, 3 మార్చి 1913. కుమారి నాప్లా గారికి. మీ తల్లిగారి కోరికపై ఈ లేఖ వ్రాయుచున్నాను. ఆమె ఆరోగ్యము మిక్కిలి క్షీణించినది. ఫాదర్ గారు ఆదివారమున వచ్చి చివరి ప్రార్థనలు చేసి వెళ్ళిరి. మీరు తక్షణమే బయలుదేరి రావలెనని ఆమె కోరుచున్నది. మీ తమ్ముడు ప్రతిదినము సాయంకాలపు రైలు వేళకు స్టేషనులో నుండును. తల దువ్వుటకు ఆమె ఎవ్వరినీ దగ్గరకు రానీయక, దువ్వెనను దిండు క్రింద నుంచుకొని, నాప్లా వచ్చి దువ్వునని చెప్పుచున్నది."

పైన మూలగా లాలర్ గారి పెన్సిలు గీత. ఆయనకు ప్రతి ఉత్తరం మీదా అందిన తేదీ వేసే అలవాటు. "అందినది 5."

సబీనా కాగితాన్ని తిప్పింది. ఈ వైపు ఆమెకు కంఠతా వచ్చు. ఈ దేశంలో ఐరిష్ చదువుకున్న ప్రతివాళ్ళకీ వచ్చు.

"రేవులో దీపం ఆర్పేశారే అమ్మా,
వచ్చేదాన్నే, చెప్పుల్లేకుండానే వచ్చేదాన్నే,
ఒక్క మాట పిలవకుండా పోయావే."

కింద లాలర్ గారి గమనిక: "తల్లి పోయిన వార్త చెప్పగానే వంటింట్లో నిలబడి అన్నది. వెంటనే రాసుకున్నాను. మూడో పాదం మళ్ళీ చెప్పమన్నాను. చెప్పలేదు."

అయిదు నుంచి పద్దెనిమిది. సబీనా వేళ్ళమీద లెక్కపెట్టింది, చిన్నపిల్లలా. పదమూడు రోజులు.

"వెళ్ళిందా?" అన్నాడు క్రిస్టీ మళ్ళీ.

"తెలీదు," అంది. 

సబీనాది పడమటి తీరాన కానమారా, రిన్‌డువ్‌కు అఖాతం అవతలి ఒడ్డు. ఆమె మేనత్తలిద్దరూ నాప్లాలాగే డబ్లిన్ ఇళ్ళల్లో పిల్లల్ని పెంచడానికి వచ్చినవాళ్ళే. ఇంగ్లీషు రాకపోవడమే వాళ్ళకున్న అర్హత. ఆ ఇళ్ళల్లో పిల్లల చెవిన ఇంగ్లీషు మాట పడకూడదు. పనిపిల్ల ఇంగ్లీషు నేర్చుకోకూడదు, నేర్చుకుంటే చెడిపోతుంది. పల్లెలో తల్లి ఉత్తరం రాయించాలంటే రాయగలిగేది పంతులొక్కడే, ఆయనకు రాయడం వచ్చింది ఇంగ్లీషులోనే. కాబట్టి ఆ ఉత్తరం యజమాని చదివి, ఆయన ఎంత చెప్తే అంత, ఎప్పుడు చెప్తే అప్పుడు.

క్రిస్టీ కొలత రాసుకుని, కాగితాన్ని ఇంగ్లీషు వైపే పైకి ఉంచి వెళ్ళిపోయాడు.

*

డైరెక్టరు ప్రెండివిల్ తన గదిలో ఆహ్వానాల కవర్లను వీధుల ప్రకారం పేర్చుకుంటున్నాడు. ఫిబ్రవరి నుంచి దేశమంతా తపాలా సమ్మె. ఉత్తరం పోదు, రాదు. పశ్చిమాన చాలా ఊళ్ళకు ఫోను కూడా కలవదు. రెండు వందల ఆహ్వానాలూ మనుషుల చేతే పంచాలి. నేలమీద తొట్టిలో కప్పు నుంచి నీటిచుక్కలు పడుతున్నాయి. ఆ కప్పు బాగుచేయించడానికే ఆయన ఈ ప్రదర్శన పెట్టి, మంత్రిగారిని పిలిచాడని అందరికీ తెలుసు.

సబీనా పెట్టిన కాగితం చదివి ఆయన కళ్ళజోడు తీశాడు.

"ఆ మూడో పాదం మీద నేను పన్నెండు పేజీల వ్యాసం రాశాను," అన్నాడు. "పోయినవాళ్ళ మౌనం గురించి. ప్రాచీన కవిత్వంలో దానికున్న స్థానం గురించి."

"తెలుసండీ. నేనే టైపు చేశాను."

"తల్లి పిలిచింది."

"పిలిచిందండీ."

ఆయన లేచి తొట్టిని కాలితో కొంచెం జరిపాడు. "మిస్ లాలర్‌కి చెప్పావా?"

"ఇంకా లేదు."

"శుక్రవారం దాకా ఆగు సబీనా. నా మాట విను. కాగితాలు మనకిస్తున్నది ఆవిడే, ఒప్పందం నీకూ తెలుసు. జాబితా మీద ఆవిడ సంతకం పెట్టేదాకా ఏ కాగితమైనా వెనక్కి తీసుకునే హక్కు ఆవిడది. తండ్రి అంటే ప్రాణం ఆవిడకి. ఇది చూసిందంటే సంచీలో వేసుకుపోయి పొయ్యిలో పెడుతుంది. అప్పుడు ఆ తల్లి మాట ఈ భూమ్మీద ఎక్కడా ఉండదు. సంతకం అవనీ. ఆ తర్వాత వెనకవైపు కూడా జాబితాకెక్కిద్దాం. మాటిస్తున్నాను."

ఆయన చెడ్డవాడు కాదు. చెప్పింది న్యాయంగానే ఉంది. అందుకే సబీనాకు నీరసం వచ్చింది. ఇలాంటి న్యాయమైన మాటలు వినీ వినీ ముప్పై ఏళ్ళు గడిపింది. "సరేనండి," అని కాగితం పుచ్చుకుని వచ్చేసింది.

*

బుధవారం పదింటికి మిస్ ఫిదెల్మా లాలర్ వచ్చింది. లాలర్ గారి ఒక్కగానొక్క కూతురు, డెబ్బై నాలుగేళ్ళు, పెళ్ళి చేసుకోలేదు. వానకోటు, చేతికర్ర, సంచీలో కోడిగుడ్డు శాండ్‌విచ్. కోటు మీద చిన్న బంగారు వలయం ఉంటుంది. ఐరిష్‌లో తప్ప మాట్లాడనని దానర్థం. ఆమె నిజంగానే మాట్లాడదు. బస్సులో కండక్టరుకు టిక్కెట్టు వేలితో చూపిస్తుంది. క్రిస్టీ రెండుసార్లు పలకరించి, జవాబు రాకపోయేసరికి ఆమెకు చెవుడని నిశ్చయించుకుని, అప్పట్నుంచీ "పాపం ఆ చెవిటావిడ" అంటున్నాడు.

ఆమె నోరు తెరిచినప్పుడల్లా సబీనాకు ఒళ్ళు జలదరిస్తుంది. పుట్టిందీ పెరిగిందీ డబ్లిన్ పెద్దింట్లో. నోట్లో ఉన్నది మాత్రం అఖాతం ఒడ్డున చేపలు ఎండబెట్టే ఆడవాళ్ళ మాట, అదీ సబీనా అమ్మమ్మ కాలపుది. ఇప్పుడు ఆ ఒడ్డున కూడా అలా మాట్లాడేవాళ్ళు లేరు.

"వచ్చి కూచో తల్లీ, ఒకసారి అప్పజెప్తాను విను," అంది ఫిదెల్మా. శుక్రవారం మంత్రిగారి ముందు శోకాన్ని ఆమే చెప్పాలి. పోస్టరు మీద కూడా ఆ మూడో పాదమే వేశారు.

కళ్ళు మూసుకుని, ఒళ్ళో రెండు చేతులూ ఒకదానిమీద ఒకటి వేసుకుని మొదలుపెట్టింది. రెండు పాదాలు చెప్పి మూడోదాని దగ్గర ఆగింది.

"ఇక్కడ దాని గొంతు ఎలా పడిపోయిందో నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. నేను వంటింటి గుమ్మంలోనే ఉన్నాను. దాని చేతిలో గిన్నె ఉంది. గిన్నె పడెయ్యలేదు తెలుసా, జాగ్రత్తగా బల్లమీద పెట్టి మరీ ఏడ్చింది."

"మిమ్మల్ని బాగా చూసేదా?"

"బాగా చూడటమేంటి, నాకు మాటలు నేర్పిందే అది. మా అమ్మ నాతో మాట్లాడిందే తక్కువ. అమ్మకి ఐరిష్ సరిగా రాక, తప్పులు పోతే పిల్ల చెడిపోతుందని నోరు మూసుకుని తిరిగేది." ఫిదెల్మా నవ్వింది. తర్వాత నవ్వు ఆగింది. "అంత చేసి, మర్నాడు పొద్దున నేను లేచేసరికి లేదు. ఒక్క మాట చెప్పకుండా పోయింది. ఎనిమిదేళ్ళదాన్ని, తల దువ్వుకోకుండా బడికెళ్ళాను. తల్లి పోయింది, వెళ్తుంది, వద్దనలేదు. నన్ను లేపి చెప్పొచ్చుగా? అరవై ఆరేళ్ళయింది. ఇంకా క్షమించలేదనుకో దాన్ని."

సబీనా చెప్పేయబోయింది. శుక్రవారం దాకా ఆగు.

"టీ పెట్టించనా?" అంది.

"పెట్టించు, నీకు పుణ్యముంటుంది," అంది ఫిదెల్మా, శాండ్‌విచ్ పొట్లం విప్పుతూ.

టీ కోసం మెట్లు దిగుతూ సబీనా మధ్యలో రెయిలింగు పట్టుకుని నిలబడిపోయింది. చెప్తే ఆ కాగితం పోతుంది. చెప్పకపోతే ఈ ముసలామె ఎల్లుండి పదిమంది ముందు లేచి, పిలవకుండా పోయావే అని ఆ తల్లిని నిందిస్తుంది, ఆ తల్లి పిలిచిన కాగితాన్ని గోడకు తగిలించి, దాని పక్కనే నిలబడి. ఈ రెండిట్లో ఏది తక్కువ పాపమో సబీనాకు తోచలేదు. కాళ్ళు నొప్పిగా ఉన్నాయి. టీ తీసుకొచ్చింది.

*

గురువారం పదకొండింటికి సంతకం. ప్రెండివిల్ జాబితా రెండు ప్రతులూ, తన మంచి పెన్నూ తెచ్చాడు. ఫిదెల్మా కోటు విప్పకుండానే కూర్చుంది. అప్పుడే క్రిస్టీ పాత దుప్పటిలో చుట్టిన ఫ్రేములు మోసుకొచ్చి ఒక్కొక్కటే గోడకు ఆనించాడు. చివరిదాన్ని మాత్రం బల్లమీద పెట్టాడు.

"దీనికి వెనక అట్ట కొట్టలేదమ్మా," అన్నాడు సబీనాతో, కొంచెం బెరుగ్గా. "రెండువైపులా అద్దమే పెట్టాను. నాకెవరూ చెప్పలేదనుకోండి. అట్ట చేతిలోకి తీసుకున్నాను గానీ ఆ వాళ్ళమ్మ మొహానికి కొట్టబుద్ధి కాలేదు."

ప్రెండివిల్ సబీనా వైపు చూశాడు. సబీనా ఫ్రేము వైపు చూసింది. నల్లచెక్క, సన్నటి అంచు, మూలలు చక్కగా కుదిరాయి. ఫిదెల్మాకు కనిపిస్తున్నది శోకం వైపు.

"ఎంత అందంగా చేశాడు," అంది ఫిదెల్మా. "చెప్పు ఆయనకి." పెన్ను అందుకుంది. మొదటి ప్రతి ఆఖరి పేజీ తిప్పింది.

"మిస్ లాలర్," అంది సబీనా. "సంతకానికి ముందు అది ఒకసారి తిప్పి చూడండి."

"సబీనా," అన్నాడు ప్రెండివిల్ మెల్లిగా.

"వెనక ఇంగ్లీషేగా. నీ జాబితాలోనే ఉంది," అంది ఫిదెల్మా.

"ఉందండీ. నేనే రాశాను. చదవకుండా రాశాను."

ఫిదెల్మా ఆమె మొహంలోకి చూసింది. పెన్ను మూత పెట్టింది. ఫ్రేమును రెండు చేతులతో లేపి తిప్పింది.

చదవడానికి చాలాసేపు పట్టింది. ఒకసారి చదివి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ చదివింది. ఆమె వేలు అద్దం మీద మెల్లిగా పైకి జరిగి, పెన్సిలుతో వేసిన ఆ అయిదు దగ్గర ఆగింది. ఇక లేస్తుంది, సంచీలో వేసుకుంటుంది, పోతుంది అనుకుంది సబీనా.

"ఈ కవరు నాకు తెలుసు," అంది ఫిదెల్మా. "పొద్దున టపా తెచ్చి నాన్నకిచ్చేది నేనే. దాని మీద నాప్లా పేరు చూసి, పరిగెత్తి వంటింట్లోకి పోబోతుంటే నాన్న పిలిచారు. అది పుచ్చుకుని చదివి, నన్ను దగ్గరికి తీసుకుని, ఉత్తరం వచ్చిందని నాప్లాకి చెప్పకు, వచ్చే వారం శనివారం నీ ఐరిష్ పోటీ అవనీ, నీకు పతకం రానీ, అప్పుడు నేనే చెప్తాను, ఇది మనిద్దరి రహస్యం అన్నారు. నాన్న నాకు రహస్యం చెప్పడం అదే మొదటిసారి. పది రోజులు దాచాను. గొప్పగా ఉండేది నాకు. శనివారం పొద్దున అది నా తల దువ్వి రిబ్బను కడుతుంటే నాలిక చివరిదాకా వచ్చింది. చెప్పలేదు."

ఆమె చెయ్యి తన నెరిసిన జుట్టు మీదకి పోయి, అక్కడ ఏం చెయ్యాలో తెలియనట్టు కిందకి దిగింది.

"పతకం వచ్చింది," అంది. "ఇంట్లోనే ఉంది."

శనివారం దాకా ఆగమన్నాడు ఆయన. శుక్రవారం దాకా ఆగమన్నాడు ఈయన. సబీనా ప్రెండివిల్ వైపు చూసింది. ఆయనకూ ఆ మాటే తగిలినట్టుంది, తల దించుకున్నాడు.

వాళ్ళ మాటలు అర్థం కాని క్రిస్టీ ఒక్కడే ఇబ్బందిగా నిలబడ్డాడు. "ఏమంటందమ్మా పెద్దావిడ? ఆ పిల్ల ఇంటికెళ్ళిందంటనా?"

సబీనా నోరు తెరిచే లోపే ఫిదెల్మా అతని వైపు తిరిగింది. ఆ గదిలో ఆమె నోట ఎవరూ వినని ఇంగ్లీషులో చెప్పింది.

"వేళకి వెళ్ళలేదు నాయనా. మేం చెప్పలేదు దానికి. మా నాన్నా, నేనూ."

క్రిస్టీ టోపీ తీసేశాడు. "మీకు వినపడుద్దా అమ్మా?"

"వినపడుతూనే ఉంది. పలకలేదంతే."

ఆమె ఫ్రేమును దగ్గరికి జరుపుకుంది. "ఇలా కూచో సబీనా," అంది ఐరిష్‌లో. సబీనా ఎదురుగా కూర్చుంది. ఫిదెల్మా పంతులి ఇంగ్లీషు మీద వేలు పెట్టి, ఒక్కొక్క వాక్యాన్నీ తీసి, నాప్లా నేర్పిన మాటలో చెప్పడం మొదలుపెట్టింది. సబీనా వైపే చూస్తూ చెప్తోంది, సబీనాతో కాదు.

"అమ్మకి బాలేదే నాప్లా. బొత్తిగా బాలేదు. ఆదివారం ఫాదరొచ్చి వెళ్ళాడు. నువ్వు రావాలంట. ఇప్పుడే బయల్దేరాలంట. తమ్ముడు రోజూ సాయంత్రం బండి వేళకి స్టేషన్ దగ్గరుంటాడు, నువ్వేం భయపడకు. తల ఎవర్నీ ముట్టుకోనివ్వట్లేదే. దువ్వెన దిండు కింద పెట్టుక్కూచుంది. మా నాప్లా వచ్చి దువ్వుద్ది అంటందే."

అదే ఉత్తరం. ఇప్పుడు అందులో ఒక తల్లి ఉంది. సబీనాకు కళ్ళు మండి, దాచుకోలేక, చేత్తో తుడుచుకుంది.

ఫిదెల్మా పెన్ను మూత తీసింది. "వెనక్కి తీసుకునే చీటీ ఒకటివ్వండి డాక్టర్ ప్రెండివిల్."

"మిస్ లాలర్, రేపటి ప్రదర్శనకు అదే ప్రాణం," అన్నాడు ప్రెండివిల్. "మీ బాధ నాకు అర్థమవుతోంది. కాగితం ఇక్కడుంటే కనీసం భద్రంగా ఉంటుంది. మీరు తీసుకెళ్ళి..."

"కాల్చేస్తాననుకుంటున్నారా?"

ప్రెండివిల్ జాబితా ప్రతుల్ని సర్దాడు.

"ఈ ఉత్తరం మా నాన్న పేరున రాలేదు. దాని పేరున వచ్చింది. నాది కానిది మీకెలా ఇస్తాను?"

ప్రెండివిల్ సొరుగు లాగి, చీటీ తీసి ఆమె ముందు పెట్టాడు. "పన్నెండు పేజీలు," అన్నాడు తనలో తాను, అంతే. ఫిదెల్మా కాగితం సంఖ్య రాసింది, తేదీ వేసింది. కారణం అన్న గీత దగ్గర ఒక్క క్షణం ఆగి రాసింది: "చిరునామాలో ఉన్న మనిషికి అందలేదు." తర్వాత మిగతా జాబితా మీద రెండు ప్రతుల్లోనూ సంతకం చేసింది.

క్రిస్టీ ఏమీ అడగకుండానే జేబులోంచి పటకారు తీసి, ముందురోజు తను కొట్టిన మేకుల్ని ఒక్కొక్కటే లాగడం మొదలుపెట్టాడు.

"టపా సమ్మెలో ఉంది," అంది ఫిదెల్మా, అలసిపోయిన గొంతుతో. "ఎవరో ఒకరు చేత్తో పట్టుకెళ్ళాలి. మీ వైపే కదా తల్లీ. నాకు రావడానికి మొహం లేదు."

"రేపు పొద్దున బండికి వెళ్తాను," అంది సబీనా.

"శుక్రవారం," అన్నాడు ప్రెండివిల్ అలవాటుగా. ఆ తర్వాత చెయ్యి ఊపాడు, వెళ్ళమని.

*

గాల్వే దాకా రైలు, ఆ తర్వాతి రైలు దారి ఎత్తేసి చాలా ఏళ్ళయింది కాబట్టి అక్కణ్ణుంచి బస్సు, ఆ పైన రెండు మైళ్ళు నడక. రిన్‌డువ్‌లో దుకాణం నడిపే ఆమెను అడిగితే ఇల్లు చూపించింది. ముంగిట్లో యాభై ఏళ్ళ మనిషి బకెట్లో బంగాళాదుంపలు కడుగుతోంది. పేరు డెలియా, నాప్లా తమ్ముడి కూతురు. సబీనా చేతిలో సంచీ చూసి మొహం చిట్లించింది.

"టేపు రికార్డరు తెచ్చావా? మా నాన్న పాటలు చెప్పడు. చెప్పి చెప్పి విసుగెత్తిపోయాడు. మొన్న వచ్చినవాళ్ళు కథ పట్టుకుపోయారు, ఇంకా వెనక్కి తేలేదంటాడు."

"తీసుకోడానికి రాలేదు. ఇచ్చి పోదామని వచ్చాను. నాప్లా గారి ఉత్తరం."

డెలియా చేతులు బకెట్లోనే ఆగిపోయాయి. "ఆ పేరు ఈ ఇంట్లో ఎత్తరు."

"ఎందుకని?"

"అమ్మ పోతుంటే కబురెట్టినా రాని మనిషి. పూడ్చిన మూడ్రోజులకి తీరిగ్గా దిగిందంట. మా తాత గడప తొక్కనివ్వలేదు. అట్నుంచటే బోస్టన్ పోయింది, అక్కడే పోయిందని ఎవరో చెప్పారు. మళ్ళీ ఒక్క ఉత్తరం ముక్క రాయలా."

"ఆమెకి రాయడం రాదు కదండీ," అంది సబీనా.

డెలియా చేతులు ఆప్రాన్‌కు తుడుచుకుని, లోపలికి దారి చూపించింది.

ముసలాయన పొయ్యి పక్కన కుర్చీలో ఉన్నాడు. మార్టీన్ అని పేరు. చెవులు బాగానే పనిచేస్తున్నాయి, మోకాళ్ళే పోయాయి. ఉత్తరం అనగానే నవ్వాడు.

"టపా నడవట్లేదన్నారే?"

"చేతికిచ్చి పంపారు పెద్దాయనా," అంది సబీనా. ఒక్కొక్క వాక్యం తీసి, ఫిదెల్మా చెప్పినట్టే చెప్పింది. దువ్వెన దగ్గరకి వచ్చేసరికి ఆయన నవ్వు ఎప్పుడు పోయిందో పోయింది.

"ఇది నేనే ఏశాను టపాలో," అన్నాడు. "ఏడు మైళ్ళు నడిచి. పన్నెండేళ్ళు నాకు. ఆ తర్వాత రోజూ సాయంత్రం బండికెళ్ళి నిలబడ్డా. దిగినోళ్ళందరి మొహాలూ చూసేవాణ్ణి. అమ్మ అడిగేది, వచ్చిందా అని. రేపొస్తదిలే అనేవాణ్ణి." మోకాళ్ళు రుద్దుకుని, "అందలేదా దానికి?" అన్నాడు.

"ఇంటికి అందింది. ఆమెకి చెప్పలేదు. అమ్మ పోయాకే చెప్పారు."

డెలియా గోడకు ఆనుకుని నిలబడిపోయింది. ముసలాయన కాగితం వైపు వంగాడు.

"అటువైపు కూడా ఏదో ఉన్నట్టుందే," అన్నాడు.

"అది ఐరిష్‌లో ఉంది. నాప్లా గారు అన్న మాటలు. అమ్మ పోయిందని తెలిసినప్పుడు."

"చదువు. నాకు అక్షరాలు రావు, మాట వచ్చు."

సబీనా కాగితం తిప్పింది. ప్రదర్శనల్లో చదివినట్టు కాకుండా, తన ఒడ్డు మాటలో, పొయ్యి దగ్గర కూచున్న మనిషికి వినపడేంత గొంతుతో చదివింది.

"రేవులో దీపం ఆర్పేశారే అమ్మా. వచ్చేదాన్నే, చెప్పుల్లేకుండానే వచ్చేదాన్నే. ఒక్క మాట పిలవకుండా పోయావే."

ముసలాయన చెయ్యి చాచాడు. సబీనా కాగితం ఇచ్చింది. ఆయన దాన్ని ఇటు తిప్పి, అటు తిప్పి, ఏ వైపు ఏదో తెలియక, రెండు అరచేతుల మధ్యా పెట్టుకున్నాడు.

"పిలిచామక్కా," అన్నాడు. "పిలిచాం."